వంత పలికించే పాటలు

పోయిన నెల ఈ శీర్షికలో, 1960, 70 దశకాల నాటి అమెరికా పాప్ పాటలను, నల్లజాతివారి చర్చి పాటల నుంచి పుట్టిన సోల్ పాటలను ఇన్నేళ్ల తరువాత మళ్లీ విన్నప్పుడు మనసులో కలిగే కలత గురించి నాలుగు మాటలు రాసి, మీకూ అలాంటి పాట ఏదైనా ఉంటే రాయమని అడిగాను. ఉత్తరాలు ఎక్కువగా హైదరాబాదు నుంచి వస్తాయనుకున్నాను. వచ్చినవాటిలో సగానికి పైగా నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని ఇద్దరు కోరినందువల్ల అందరి పేర్లూ వదిలి ఊళ్లు మాత్రమే వేశాము.

ప్రశ్న: నేను బియ్యం మిల్లులో లెక్కలు రాస్తూ ముప్పై ఏళ్లు గడిపినవాడిని. సికింద్రాబాదులో చదువుకునే మా అన్న 1987లో దసరా సెలవులకు వస్తూ ఇంగ్లిషు పాటల క్యాసెట్టు ఒకటి తెచ్చాడు. అందులో మొదటి పాట ‘స్టాండ్ బై మీ’. రాత్రి మిల్లు ఆగిన తరువాత ఇద్దరం డాబా మీద పడుకుని వినేవాళ్లం. ఆ పాటలో నాలుగు మాటలకు మించి నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. అయినా మొన్న మా మనవడి ఫోనులో అది మొదలుకాగానే, పాడేవాడు నోరు తెరవకముందే, నా గొంతు పట్టేసింది. అర్థం కాని పాటకు కళ్లలో నీళ్లు రావడం ఏమిటి? — మిర్యాలగూడ

జవాబు: ‘పాడేవాడు నోరు తెరవకముందే’ అని మీరు రాసిన మాటలో సగం జవాబు ఉంది కాబట్టి, ముందు ఆ ఆరంభాన్నే కాస్త దగ్గరగా విందాము. మొదట మంద్ర స్వరాల తీగ వాయిద్యం బేస్ ఒక్కటే నడుస్తుంది, అరుగు మీద కూర్చున్నవారికి చీకట్లో తెలిసిన మనిషి అడుగుల చప్పుడు వినబడినట్లు. దానికి తోడుగా ట్రయాంగిల్ అనే మూడు మూలల లోహపు కడ్డీ సన్నగా మోగుతుంది. గాట్లు పెట్టిన ఎండు సొరకాయ బుర్రను పుల్లతో గీకినట్లు ఒక గరగర చప్పుడు కూడా ఉంటుంది. ఆ వాయిద్యం పేరు గిరో. ఇంతే. వయొలిన్లు రెండో చరణం దాకా రావు. బెన్ ఇ. కింగ్ 1960 చివరలో పాడగా 1961లో విడుదలైన ఈ పాటలో పల్లవికి ఒక వరుస, చరణానికి ఒక వరుస అని లేదు; నాలుగు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, ఒకే క్రమంలో మొదటి నుంచి చివరిదాకా తిరుగుతూనే ఉంటాయి. అందువల్ల రెండు తిరుగుళ్లు అయ్యేసరికి, సంగీతం ఏమాత్రం నేర్వని మనిషికి కూడా తరువాత ఏ స్వరం రాబోతుందో చెవికి తెలిసిపోతుంది.

ఈ ‘రాబోయేది తెలియడం’ చిన్న విషయం కాదు. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో, తమకు ఇష్టమైన పాట వింటూ ఒళ్లు జలదరించే మనుషుల మెదళ్లను పరీక్షించి, జలదరింపు కలిగిన క్షణంలోనే కాక అంతకు కొద్ది సెకన్ల ముందు, అది రాబోతుందని ఎదురుచూసే వేళ కూడా మెదడుకు హాయినిచ్చే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని, ఆ రెండూ మెదడులో వేర్వేరు చోట్ల జరుగుతాయని కనుగొన్నారు. మీ గొంతు పట్టేసింది పాట కోసం ఎదురుచూసిన ఆ సెకన్లలోనే. ఇక మాటల సంగతి. ఇంగ్లిషు రాదని మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు. బిల్ విథర్స్ అనే గాయకుడు విమానాల్లో అమర్చే మరుగుదొడ్డి పరికరాల కర్మాగారంలో పనిచేస్తూ రాసుకున్న పాట ఒకటి 1971లో వచ్చింది. ఒక చోట మాటలు ఇంకా కుదరక, ‘నాకు తెలుసు’ అనే అర్థమిచ్చే రెండే రెండు చిన్న మాటలను ఆయన వరుసగా 26 సార్లు అన్నాడు. తరువాత అక్కడ సరైన సాహిత్యం పెడదామనుకుంటే, స్టూడియోలో ఉన్న వాద్యకారులు అలాగే వదిలేయమన్నారు. ఈనాటికీ ఆ పాట విన్నవారికి గుర్తుండేది ఆ చోటే.

మీ అన్నగారి క్యాసెట్టులో ‘స్టాండ్ బై మీ’ మొదటి పాట కావడానికి కూడా ఒక కారణం ఊహించవచ్చు. అదే పేరుతో 1986లో ఒక సినిమా రావడంతో పాతికేళ్ల నాటి పాట అమెరికాలో మళ్లీ మొదటి పదింటిలోకి ఎక్కింది, 1987లో బ్రిటనులో మొదటి స్థానానికి చేరింది. ఆ గాలి సికింద్రాబాదు క్యాసెట్టు దుకాణాల దాకా వీచి ఉంటుంది. మీకు అప్పుడు ఇరవై ఏళ్లు ఉంటాయనుకుంటాను. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగిన సంగతులు ముసలితనంలో మిగతా వయసు సంగతుల కంటే గట్టిగా గుర్తుకు వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు, పాటల విషయంలో ఇది మరీ స్పష్టం. కొండలు కూలి సముద్రంలో పడ్డా నువ్వు పక్కన ఉంటే నాకు భయం లేదు అన్నదే ఆ పాట సారాంశం. బైబిలు కీర్తనలలో 46వది చదివినవారికి ఆ పోలిక ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. డాబా మీద మీ పక్కన పడుకున్న అన్నగారు ఇప్పుడు ఎక్కడున్నారో మీరు రాయలేదు. నేనూ అడగను.

ప్రశ్న: మా నాన్న ఇంట్లో సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాటలు పెడుతుంటారు. సద్దుల బతుకమ్మ నాడు ఆడి వచ్చి, రాత్రి ఆ పాట వింటుంటే, నాకు రెండూ ఒక్కలాగే అనిపించాయి. కాలేజీలో చెబితే నవ్వారు. సోల్ అంటే ఆత్మ కదా, పాటకు ఆ పేరు ఎందుకు వచ్చింది? — మహబూబ్‌నగర్

జవాబు: నవ్వినవారిని నవ్వనివ్వండి; మీ చెవి సరిగానే పట్టుకుంది.

బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకామె పాట చెబుతుంది, మిగతావారు చప్పట్లు కలుపుతూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. చెప్పే ఆమె గొప్ప గాయని కానక్కరలేదు, కానీ అందుకునేవారు లేకపోతే పాట ముందుకు నడవదు. ఒగ్గు కథలో వంతగాడు లేకుండా కథకుడు లేనట్లే, అమెరికాలోని నల్లజాతివారి చర్చిలలో కూడా ప్రసంగించే పాస్టరు ఒక మాట అంటే సభ మొత్తం దానికి బదులు పలుకుతుంది. పత్తి చేలల్లో, రోడ్డు పనుల్లో పాడుకున్న పాటలదీ అదే పద్ధతి. మన నాట్ల పాటలు, మోట పాటలు విన్నవారికి దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. చర్చిలో పాడే ఈ గాస్పెల్ పద్ధతిని రే చార్ల్స్ అనే గాయకుడు 1954లో ఒక ప్రేమ పాటకు వాడాడు. భక్తి పాట వరుస తీసుకుని, దేవుడి స్థానంలో ఒక స్త్రీని నిలబెట్టాడు. ఇదేం అపచారమని తప్పుపట్టినవారు ఉన్నారు; జనం మాత్రం రికార్డులు కొన్నారు. దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషిని పిలవడమే సోల్. ఆ పేరు రావడానికి వేరే కారణాలు కూడా చెబుతారు గాని, నాకు ఈ వివరణే నచ్చుతుంది.

అరీతా డెట్రాయిట్‌లో పేరున్న పాస్టరు కూతురు, తండ్రి చర్చిలో పాడుతూ పెరిగిన మనిషి. మీ నాన్నగారు పెట్టేది ఏ పాటో మీరు రాయలేదు గాని, ‘రెస్పెక్ట్’ అయి ఉంటే ఒక సంగతి గమనించండి. ఆ పాట నిజానికి ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడిది. పని నుంచి ఇంటికి వచ్చిన మగవాడు కాస్త మర్యాద ఇవ్వమని అడుగుతున్నట్లు ఆయన 1965లో రాసి పాడాడు. 1967లో అరీతా దాన్ని తీసుకుని, అడిగే మనిషిని ఆడమనిషిని చేసింది. మర్యాద అనే మాటను అక్షరం అక్షరం విడదీసి పలకడం అన్నది ఓటిస్ పాటలో లేదు, ఆమె చేర్చినదే. వెనుక వంత పాడినవారు ఆమె అక్క ఎర్మా, చెల్లెలు క్యారలిన్. మగవాడు ఒంటరిగా అడిగినప్పుడు అది అభ్యర్థనలా ఉండేది. ముగ్గురు అక్కచెల్లెళ్లు కలిసి అడిగేసరికి వాకిట్లో నిలబడి న్యాయం అడిగినట్లు అయింది. వంత కలిస్తే పాట అర్థమే మారిపోతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మరొక పోలిక కూడా ఉంది, కొంచెం బరువైనది. సోల్ గాయకులు ఒక్క అక్షరాన్ని పట్టుకుని నాలుగైదు స్వరాల మీదుగా లాగుతారు. మనం దీన్నే రాగం తీయడం అంటాము. ఈ మాటను మన పల్లెల్లో రెండు చోట్ల వాడతారు: పాటకు, చావు ఇంట్లో ఏడుపుకు. పోయినవారి గుణగణాలు చెబుతూ మా అమ్మమ్మ శోకం పెడితే, వాక్యం చివర గొంతు పైకి లేచి, విరిగి, మూడు మెట్లు దిగి ఆగేది. పక్కనున్న ఆడవాళ్లు అక్కడ అందుకునేవారు. చాలా ఏళ్ల తరువాత మొదటిసారి అరీతా గొంతు విన్నప్పుడు నాకు గుర్తుకు వచ్చింది రేడియో కాదు, ఆ వాకిలి.

ప్రశ్న: పాత పాటలకే ప్రాణం ఉందని, ఇప్పటివన్నీ ఫ్యాక్టరీ సరుకని మా మామయ్య వాదిస్తారు. నిజమేనా? — సూర్యాపేట

జవాబు: ఫ్యాక్టరీ మాట ఎత్తకుండా ఉంటే మీ మామయ్యగారికి మంచిది. సోల్ పాటలకు పుట్టిల్లు అనదగిన మోటౌన్ కంపెనీని 1959లో డెట్రాయిట్‌లో పెట్టిన బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల కర్మాగారంలో పనిచేసినవాడు, పాటలను కూడా అదే తీరున తయారు చేయించాడు. రాసేవారు వేరు, పాడేవారు వేరు, దాదాపు అందరికీ వాయించే బృందం ఒకటే. తయారైన పాటల్లో ఏది విడుదల చేయాలో తేల్చడానికి నాణ్యత పరీక్ష పేరుతో సమావేశం పెట్టి ఓట్లు కూడా వేయించేవాడు. ఆ రోజుల్లో వచ్చిన చెత్త పాటలను కాలం జల్లెడ పట్టి పారబోసింది, మనకు మిగిలినవి గట్టి గింజలు. ఇప్పటి పాటలు ఇంకా జల్లెడలోనే ఉన్నాయి. ఒక్క విషయంలో మాత్రం మామయ్యగారి పక్షం వహిస్తాను: అప్పట్లో గాయకుడు, వాద్యకారులు ఒకే గదిలో ఒకేసారి పాడి వాయించిన రికార్డులు ఎక్కువ. ఒకరి తప్పును మరొకరు కాచుకుంటూ పోయిన ఆ పొత్తు వినేవారికి తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్న 1990లో వనపర్తిలోని ఒక దుకాణంలో చీటీ రాసి ఇచ్చి ఎక్కించుకున్న క్యాసెట్టు ఉంది. ఇంగ్లిషు పాటలు, హిందీ పాటలు, చివర రెండు తెలుగు పాటలు. ఇప్పుడు తిరగనంటోంది, తిరిగినా కీచుమంటోంది. కంప్యూటరులోకి ఎక్కించి ఇస్తానన్న ఒకతను ఒక పక్క మాత్రమే, అదీ ముక్కలు ముక్కలుగా చేసి ఇచ్చాడు. అవే పాటలు ఫోనులో దొరుకుతున్నాయి గాని ఎందుకో నాన్న పాటల్లా లేవు. — వనపర్తి

జవాబు: ముందు క్యాసెట్టును కాపాడుకుందాము. మీది 90 నిమిషాల క్యాసెట్టు అయితే, లోపల సుమారు 130 మీటర్ల టేపు ఉంటుంది, 60 నిమిషాల దానికంటే అది పలచన. కాబట్టి పాట వెతకడానికి పదేపదే ముందుకూ వెనక్కూ తిప్పవద్దు. టేపు వదులుగా ఉంటే పెన్సిలు పెట్టి చేత్తో బిగించి, ఆ తరువాత ఒక్కసారి చివరిదాకా నడిపి వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి ఒకే చోట అతుక్కున్న చుట్లు అలా సడలుతాయి. కీచుమనడం తరచుగా టేపు తప్పు కాదు, ప్లాస్టిక్ పెట్టెదీ లోపలి జారుడు కాగితాలదీ. స్క్రూలు ఉన్న మంచి క్యాసెట్టు పెట్టె ఒకటి సంపాదించి, చేయి తిరిగిన మెకానిక్‌తో రీళ్లను అందులోకి మార్పించండి. టేపును హెడ్‌కు, అంటే రికార్డరులో టేపును చదివే భాగానికి, ఒత్తే చిన్న ఉన్ని మెత్త ఊడిపోతే ధ్వని లోతుకు పోయినట్లు వినబడుతుంది, పెట్టె మారిస్తే అదీ కుదురుకుంటుంది. టేప్ రికార్డరు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే క్యాసెట్టు పెట్టండి. రికార్డు చేసేటప్పుడు స్పీకరు ముందు ఫోను పెట్టకండి, తీగ ద్వారా నేరుగా కంప్యూటరుకు కలపండి.

ఇక అసలు సంగతి. ఒక్కో పక్కను ఒక్కటే ఫైలుగా ఎక్కించండి, పాటలుగా కోయవద్దు. మీకు ఫోనులో దొరకనిది పాట కాదు, వరుస. ఏ ఇంగ్లిషు పాట తరువాత ఏ హిందీ పాట రావాలో మీ నాన్నగారు ఒక సాయంత్రం కూర్చుని చీటీ మీద నిర్ణయించారు. ఒక పాట ముగిసి, నాలుగు సెకన్లు సుయ్యిమనే చప్పుడు, అందులో దుకాణంవాడు మీట నొక్కిన టక్కు, ఆ తరువాత రెండో పాట. ఆ నాలుగు సెకన్లలో మీ మనసు తరువాతి పాటను ముందే అందుకుంటుంది. క్యాసెట్టు పాటలు విని పెరిగినవారికి, ఎక్కడో పెళ్లి పందిట్లో ఒక పాట ముగియగానే తమ క్యాసెట్టులో దాని వెనుక వచ్చే పాట నోట్లోకి రావడం అనుభవమే. పక్క అయిపోవడం వల్ల సగంలో తెగిపోయిన పాట ఉంటే దాన్నీ అలాగే ఉంచండి. మా ఇంటి క్యాసెట్టులో ఒక పాట ‘నిన్ను’ అనే చోట తెగుతుంది. పూర్తి పాట విన్నా నాకు అక్కడ ఇప్పటికీ ఒక తడబాటు.

ప్రశ్న: మావారు ప్రాజెక్టు ఆఫీసులో పనిచేసేవారు. సాయంత్రం రిజర్వాయరు వైపు నడకకు వెళ్లినప్పుడు ఒక ఇంగ్లిషు పాట ఈల వేసేవారు. అది ఓటిస్ రెడ్డింగ్ పాట అని, నీటి ఒడ్డున కూర్చున్న మనిషి పాట అని చెప్పేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ పాట ఎక్కడ వినబడినా నాకు ఏడుపు ఆగదు. పిల్లలు కంగారుపడి ఆపేస్తారు. నేను వినకుండా ఉండడమే మంచిదా? — నాగార్జునసాగర్, హిల్ కాలనీ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ఆ పాట మళ్లీ రెండుసార్లు విన్నాను. అది 1967 చివరలో రికార్డు చేసిన పాట. మీ ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్లు వదిలిన సంవత్సరమూ అదే. ఓటిస్ జార్జియా రాష్ట్రం మనిషి. పాటలో మనిషి కూడా జార్జియాలో ఇల్లు విడిచి, రెండు వేల మైళ్లు, అంటే మూడు వేల కిలోమీటర్లకు పైగా దాటి, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర పడవల రేవులో కూర్చుని అలలను చూస్తుంటాడు. వినడానికి తీరికగా, హాయిగా ఉంటుంది. నిజానికి అతనికి పని లేదు, వెనక్కి పోవడానికి ఏమీ మిగలలేదు, ఊరు మారినా బతుకు మారలేదు. పాలమూరు నుంచి పుణె, ముంబైలకు పనికి పోయి వచ్చినవారు ఉన్న మన వైపు ఈ పాట విప్పి చెబితే, సముద్రం చూడనివారికి కూడా అర్థమవుతుంది.

చివర మాటలు అయిపోతాయి, ఈల మిగులుతుంది. అక్కడ ఏవో మాటలు రావలసి ఉండగా ఆ క్షణానికి తోచక ఈల వేశాడని అంటారు. ఏదైనా, ఆ పాటకు తుది మెరుగులు పెట్టకముందే, 1967 డిసెంబరు 10న, ఓటిస్ ఎక్కిన విమానం విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చెరువులో కూలి ఆయన మరణించాడు, వయసు 26 ఏళ్లు. పాటను కలిసి రాసిన గిటారు వాద్యకారుడు స్టీవ్ క్రాపర్ ఆ దుఃఖంలోనే కూర్చుని, అలల చప్పుడు, నీటి పక్షుల కూతలు చేర్చి పాట పూర్తి చేశాడు. 1968 జనవరిలో విడుదలై, మార్చిలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. గాయకుడు మరణించిన తరువాత ఆ స్థానం అందుకున్న మొదటి పాట అదే. అంటే ఆ ఈలను మొదటిసారి విన్న జనంలో చాలామంది, ఈల వేసినవాడు లేడని తెలిసే విన్నారు.

మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను: వినండి. పాట ముగిసిన తరువాత రోజంతా మంచం దిగలేకపోవడం, తిండి మానడం, నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పాలి; ఏడ్చి, కళ్లు తుడుచుకుని, లేచి పని చేసుకుంటున్నారంటే భయపడవలసిందేమీ లేదు. దానంతటది ఎక్కడో మోగితే ఉలికిపడి వినడం కంటే, మీకు వీలైన వేళ, మీ చేత్తో మీరే పెట్టుకుని వినడం సులువుగా ఉంటుంది. పిల్లలు ఆపేస్తున్నది కూడా ప్రేమతోనే. కాకపోతే వాళ్లకు వినబడేది మీ ఏడుపు మాత్రమే. నాన్న ఆ పాట ఎక్కడ, ఏ వేళ ఈల వేసేవారో, ఎక్కడ శ్రుతి తప్పేవారో వాళ్లకు మీరు చెప్పి ఉండకపోవచ్చు. ఒక సాయంత్రం వాళ్లను రిజర్వాయరు వైపు తీసుకువెళ్లి ఫోనులో ఆ పాట పెట్టండి. పాట నిడివి మూడు నిమిషాలు కూడా ఉండదు. చివర ఈల ఒక్కసారిగా ఆగిపోదు, నడిచి పోతున్న మనిషిలాగా మెల్లగా తగ్గుతూ పోతుంది. వాళ్లు అలవాటు కొద్దీ ఆపబోతే, ఈల అయ్యేదాకా ఉండమనండి.